కనీస వేతనం పెంచితే పలాస జీడి యూనిట్లు మూతపడతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పలాస దగ్గర మీ నాన్నగారికి జీడిపప్పు యూనిట్ ఉంది. 35 మంది పనిచేస్తారు, ఎక్కువ మంది ఆడవాళ్లే, కూలి కిలో లెక్కన. కనీస వేతనం గట్టిగా పెంచాలని కార్మిక సంఘాలు అడుగుతున్నాయి. అలా పెంచితే చిన్న యూనిట్లు మూతపడి, ఉన్న పని కూడా పోతుందని మీ ఇంట్లో అంటున్నారు. ఇందులో ఏది నిజమని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పెంచాలి. పెంచినంత మాత్రాన మీ యూనిట్ మూతపడదు. ఒకేసారి బాగా పెంచేసినా, పక్క రాష్ట్రాలను వదిలేసి మన దగ్గర మాత్రమే పెంచినా దెబ్బ తినేవాళ్లు ఉంటారు, వాళ్ల సంగతి కూడా కింద రాస్తాను. కానీ మన జిల్లాలో ఈ చర్చ మొదలుపెట్టాల్సింది వేరే చోట. ఇప్పటికే కాగితం మీదున్న కనీస వేతనం కిలో లెక్కలో కరిగిపోతోంది. దాన్ని సరిచేయకుండా అంకె ఎంత పెంచినా ఆ డబ్బు పప్పు తొక్క తీసే పీలింగ్ షెడ్డు దాకా రాదు.

నేను కాశీబుగ్గలో 22 ఏళ్లుగా చిన్న యూనిట్లకు జీతాల రిజిస్టర్లు, పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూస్తున్నాను. జీడి యూనిట్లు, రైస్ మిల్లులు, టెక్కలి వైపు రెండు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు. నాకు ఫీజు ఇచ్చేది యజమానులే. నాలుగైదుసార్లు కార్మికుల తరఫున క్లెయిములు కూడా రాసిచ్చాను. కాబట్టి రెండు వైపుల పుస్తకాలూ చూశాను.

మీ నాన్నగారి పుస్తకం తెరిచి ఈ లెక్క వేసి చూడండి. నేను సుమారు అంకెలు తీసుకుంటున్నాను, మీవి వేరుగా ఉంటాయి. 80 కిలోల పిక్కల బస్తా 12,000 రూపాయలు అనుకుందాం. పిక్క బాగుంటే బస్తాకు 21 కిలోల పప్పు దిగుతుంది. అంటే కిలో పప్పులో పిక్కల ఖరీదే సుమారు 570 రూపాయలు. బాయిలింగ్, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్ అన్నీ కలిపి కిలోకు 70 రూపాయల కూలి అనుకుందాం. వేతనం 15 శాతం పెరిగి, ఆ పెంపు మొత్తం మీరు చేతిలో పెట్టినా కిలో మీద పడేది పదిన్నర రూపాయలు. అదే పిక్కల బస్తా 500 పెరిగితే కిలోకు 24 రూపాయలు పడుతుంది. బస్తా ధర ఒక్క సీజన్‌లో అంతకు ఎన్నో రెట్లు ఎగిరి దిగడం మీ నాన్నగారు చూసే ఉంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. ఆ తర్వాత నేను లెక్కలు రాసే యూనిట్లలో సగానికి పైగా ఆఫ్రికా పిక్క మీదే ఆధారపడ్డాయి. ఆ రోజుల్ని తట్టుకున్న యూనిట్ పదిన్నర రూపాయలకు కూలిపోదు.

నా చేతుల మీదుగా ఒక యూనిట్ మూతపడింది కూడా. కూలి గిట్టక మూసేశాడని ఊళ్లో అందరూ అన్నారు. కానీ పుస్తకాలు చూసింది నేను. ఒక లోడు పిక్క చెమ్మతో వచ్చింది. కోసి చూస్తే పప్పు మచ్చపడి ఉంది. దాన్ని ముక్కల ధరకు అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ లోడు కొన్న డబ్బు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఏడాదికి 24 శాతం. పది నెలల్లో ఆ వడ్డీ పీలింగ్ కూలి మొత్తాన్ని దాటిపోయింది. ఆయన మంచి మనిషి, చివరి వారం కూలి కూడా బాకీ పెట్టకుండా ఇచ్చి మూశారు. ఆయన్ని ముంచింది కూలి అని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది.

విజయనగరం జిల్లా జూట్ మిల్లుల గురించి కూడా ఇలాగే మాట్లాడతారు. మన ప్రాంతంలో గోగు పంట తగ్గిపోయింది, ముడి జనుము బెంగాల్ నుంచి రావాల్సి వచ్చింది, గోనె సంచుల మార్కెట్‌ను ప్లాస్టిక్ సంచి లాక్కుంది, కరెంటు భారం పెరిగింది. ఇవన్నీ కలిస్తే మిల్లు ఆగుతుంది. కూలి అందులో ఒక పద్దు.

ఇక కిలో లెక్క సంగతికి వస్తాను. చట్టం చెప్పేది చాలా మందికి తెలియదు. ప్రభుత్వం కిలో రేటు కాకుండా రోజు వేతనం మాత్రమే నోటిఫై చేసిన పనిలో మీరు కిలో లెక్కన ఇస్తున్నా, పూర్తి పని గంటలు చేసిన మనిషికి ఆ రోజు వేతనం కన్నా తగ్గకూడదు. 1948 కనీస వేతనాల చట్టంలో ఇది ఉంది, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. "మా దగ్గర పీస్ రేటు సార్, మాకు కనీస వేతనం వర్తించదు" అని నాకు చెప్పని యజమాని లేడు. వర్తిస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఒక యజమాని, "మా దగ్గర కనీస వేతనం కన్నా ఎక్కువే పడుతోంది, లెక్క తీసి చూపించండి" అని పిలిచారు. ఉదయం ఎనిమిదింటికి వెళ్లి షెడ్డులో కూర్చున్నాను. పన్నెండు మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరి ముందు ఒక చేట, పక్కన గుడ్లకు (విరగని నిండు పప్పుకు), బద్దలకు, ముక్కలకు మూడు గిన్నెలు, చేతిలో చిన్న కత్తి. బోర్మా అనే ఎండబెట్టే గదిలో సరిగ్గా ఎండిన పప్పుకు తొక్క వేలితో తోస్తే రాలిపోతుంది. చెమ్మ పట్టిందంటే అంటుకుపోతుంది, కత్తితో గీరాలి. గీరేటప్పుడు కొంచెం పట్టు తప్పినా గుడ్డు కాస్తా ముక్క అవుతుంది. ఆ రోజు బాయిలింగ్ దగ్గర ఏదో ఆలస్యమై పదకొండు నుంచి పన్నెండున్నర దాకా పప్పు రాలేదు. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. కిలో లెక్కలో ఆ గంటన్నరకు సున్నా. సాయంత్రం కాటా దగ్గర గిన్నె బరువు తీసేశారు, ముక్కలకు సగం రేటు కట్టారు. లెక్క చూస్తే చేయి తిరిగిన ఇద్దరికి మాత్రమే రోజు కనీస వేతనం దాటింది. చత్వారం వచ్చిన ఒక పెద్దామెకు సగం కూడా పడలేదు. రేటు పెంచితే బాగుంటుందా అమ్మా అని అడిగాను. "పెంచితే మంచిదే బాబూ. మరి ఖాళీగా కూకున్న గంట ఎవుల లెక్కలో రాస్తారు?" అంది.

ఆ మాట విన్నాక నేను రిజిస్టర్ రాసే పద్ధతి మార్చుకున్నాను. పప్పు లేక కూర్చున్న సమయానికి వేరే గడి పెట్టాను. ఆ యజమాని కూడా ఒప్పుకున్నారు. ఆలస్యమైన గంటకు కూలి కట్టాల్సి వచ్చేసరికి బాయిలింగ్ తెల్లవారుజామునే మొదలుపెట్టించారు. నెల తిరక్కుండానే ఖాళీ గంటలు దాదాపు లేకుండా పోయాయి. పెంపు వల్ల నష్టమే అనుకునేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోరు. కూలి చవకగా ఉన్నంత కాలం మనుషుల సమయం వృథా అవుతున్నా ఎవరికీ పట్టదు.

ఇంకో యూనిట్‌లో పీలింగ్ రేటు పక్కవాళ్ల కన్నా కాస్త ఎక్కువ పెట్టారు. చేయి తిరిగినవాళ్లు అక్కడికి చేరారు, ముక్కలు తగ్గాయి. గుడ్డు పప్పుకూ ముక్కకూ మార్కెట్లో ధర తేడా ఎంతో మీకు తెలుసు. పెంచిన కూలిలో మంచి భాగం అక్కడే తిరిగొచ్చింది. అయితే ఇది ఒక్కరు పెంచినప్పటి లాభం. అందరూ పెంచితే ఈ లాభం అంత ఉండదు, నిజాయితీగా చెప్పాలంటే.

"గిట్టకపోతే ఆమె వేరే యూనిట్‌కు పోవచ్చు కదా, మార్కెట్టే రేటు తేలుస్తుంది" అనే వాదన మీరు వినే ఉంటారు. మగవాళ్లు ఫలక్‌నుమా రైలెక్కి హైదరాబాద్ పోతారు, చెన్నై పోతారు, మత్స్యకారులు గుజరాత్ వేరావల్ దాకా పోతారు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాల్సిన ఆడమనిషికి నడిచి పోయే దూరంలో రెండు మూడు యూనిట్లే ఉంటాయి. అన్నిట్లో ఒకటే రేటు, ఎందుకంటే యజమానులు సీజన్ ముందు మాట్లాడుకునే పెట్టుకుంటారు. అలాంటి చోట బేరం ఎక్కడుంది? పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు చట్టం ఒక గీత గీస్తే, పని పోకుండానే కూలి పెరగడానికి వీలుంటుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు చోట్లా ఫాస్ట్ ఫుడ్ దుకాణాలను పోల్చి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదని 1994లో రాశారు. దాని మీద ఇప్పటికీ వాదాలు నడుస్తున్నాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే అమెరికాలో సియాటిల్ నగరం 13 డాలర్ల దాకా పెంచినప్పుడు, తక్కువ జీతగాళ్ల పని గంటలు తగ్గాయని అక్కడి విశ్వవిద్యాలయ బృందం ఒకటి 2017లో చెప్పింది. రెండూ చదివాక నాకు అర్థమైంది ఇదే: ఎంత పెంచుతున్నాం, ఎంత త్వరగా పెంచుతున్నాం అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మన కళ్ల ముందే ఇలాంటిది జరిగింది. ఉపాధి హామీ 2006లో మొదటి విడతలోనే విజయనగరం జిల్లాకు వచ్చింది, మరుసటి ఏడాది శ్రీకాకుళానికి. కూలీలు దొరకరు, అంతా మునిగిపోతుందని అప్పుడూ అన్నారు. 2025-26లో మన రాష్ట్రానికి ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. కొలతల్లో చాలా మందికి అంత పడదు, అయినా బేరానికి అది ఒక ఆధారం. ఎండాకాలం చెరువు పనులు మొదలవగానే తక్కువ రేటు ఇచ్చే షెడ్లు ఖాళీ అవడం, యజమాని కిలోకు రూపాయో రెండో కలపడం ఏటా చూస్తున్నాను. చెరువు పని అయిపోయాక ఆ రూపాయి వెనక్కి పోదు. దాని వల్ల మూతపడిన యూనిట్ నాకు ఒక్కటీ తెలియదు.

రైస్ మిల్లుల హమాలీలకు ఈ చర్చతో పెద్దగా పని లేదు. బస్తాకింత అని వాళ్ల మేస్త్రీయే కూర్చుని తేలుస్తాడు, సీజన్లో కనీస వేతనం కన్నా బాగా ఎక్కువే పడుతుంది. సంఘటితంగా ఉన్నవాళ్లకు చట్టం అవసరం తక్కువ.

వేతనం ఎంత ఉండాలి అన్నదానికీ మన దేశంలో ఎప్పుడో లెక్క కట్టారు. 1957లో 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత పెట్టింది. సంపాదించే ఒక్క మనిషి మీద, ఖర్చు లెక్కలో ముగ్గురు పెద్దవాళ్లతో సమానమైన కుటుంబం, పెద్దవాళ్లకు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పెళ్లిళ్లు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్దానంలో ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే ఆ వైద్యం పద్దు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కేంద్రం ప్రకటించిన జాతీయ కనీస స్థాయి 2019లో రోజుకు 178 రూపాయలు. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ అదే ఏడాది 375 ఉండాలంది. ఆ రెండు అంకెల మధ్య దూరమే ఈ చర్చ ఎందుకు ఆగదో చెబుతుంది. మన రాష్ట్రంలో మూల వేతనం, దాని మీద ఏప్రిల్‌లో, అక్టోబరులో ధరల సూచీని బట్టి మారే కరువు భత్యం (వీడీఏ) ఉంటాయి. ఐదేళ్లకోసారి మూల వేతనం చూడాలని చట్టం చెప్పినా చాలా రకాల పనుల్లో అది అంతకన్నా ఎక్కువ కాలం కదలలేదు. పెరిగిందల్లా వీడీఏ మాత్రమే. ఇక యజమానికి తాహతు లేదన్న కారణం కనీస వేతనం దగ్గర చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే, కేరళ పెంకుల పరిశ్రమ కేసులో తేల్చేసింది.

ఇప్పుడు అవతలి వైపు. కేరళలో కొల్లం జీడి ఫ్యాక్టరీల ఉదాహరణ మీ నాన్నగారు చెప్పే ఉంటారు. అక్కడ కూలి పెరిగాక చాలా పని తమిళనాడు వైపు తరలిపోయింది. నిజమే. యంత్రాలతో పనిచేసే వియత్నాం పోటీ కూడా తోడైంది. మనకూ ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అందుకే ఏ రాష్ట్రమూ కిందికి దిగకూడని ఒక జాతీయ స్థాయి నిజంగా గట్టిగా ఉండాలి. కొత్త కోడ్‌లో అలాంటి స్థాయిని చట్టబద్ధం చేశారు. దాన్ని పనికొచ్చే అంకె దగ్గర పెడితే కొల్లంలో జరిగింది ఇక్కడ జరగదు. 178 లాంటి అంకె దగ్గర పెడితే ఉన్నా లేనట్టే.

చిన్న దుకాణాల్లో దెబ్బ నేను చూశాను. శ్రీకాకుళంలో ఒక బట్టల కొట్టు, ముగ్గురు పనివాళ్లు. జీతం సరిచేయమని నేనే చెప్పాను. ఆ నెల నుంచి ఒకమ్మాయిని సాయంత్రం పూట మాత్రమే రమ్మన్నారు. నేను సరైనదే చెప్పాను, కానీ ఆ అమ్మాయి ఆదాయం తగ్గింది. ఇది నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూ ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ రిజిస్టర్ నుంచి పేర్లు జారిపోవడం గురించి. కూలి పెరగ్గానే కొందరు పప్పు ఇళ్లకు పంపించేస్తారు. ఇంట్లో తల్లితో పాటు పిల్లలూ కూర్చుని తొక్క తీస్తారు. గంటలు లేవు, పీఎఫ్ లేదు, దెబ్బ తగిలితే ఈఎస్ఐ లేదు. ఇంకొందరు రిజిస్టర్‌లో 19 పేర్లే ఉంచుతారు, ఎందుకంటే 20 అయితే పీఎఫ్ వస్తుంది. ఇలాంటి రిజిస్టర్ రాయమని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు, రాయలేదు, ఆ ఖాతాలు పోయాయి. వేతనం పెంచే ప్రభుత్వం తనిఖీ చేసే మనుషుల్ని పెంచకపోతే నిజాయితీగా ఇచ్చే మీలాంటివాళ్ల మీదే భారం పడుతుంది. ఈ విషయంలో యజమానుల కోపం న్యాయమైనదే.

ఇక మీరు చేయగలిగినవి. కిలో రేటు ఊరి రేటు చూసి కాకుండా కొలిచి పెట్టండి. సగటు చేయి ఉన్న ఆరుగుర్ని కూర్చోబెట్టి, ఎనిమిది గంటల్లో ఎన్ని కిలోలు తీస్తారో చూడండి. రోజు కనీస వేతనాన్ని ఆ కిలోలతో భాగిస్తే మీరు తగ్గకూడని కిలో రేటు వస్తుంది. వీడీఏ మారినప్పుడల్లా దాన్ని మార్చండి. ఖాళీ గంటలు రాయండి. 35 మంది కాబట్టి పీఎఫ్ మీకు తప్పదు, యజమాని వాటా 12 శాతం. నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్ఐ కూడా చూసుకోండి, యజమాని వాటా 3.25 శాతం, కార్మికుల వాటా 0.75. తక్కువ ఇచ్చారని క్లెయిము వేయడానికి ఇంతకుముందు ఆరు నెలలే గడువు ఉండేది. కొత్త కోడ్‌లో మూడేళ్లు. పూర్తిగా ఇచ్చామని రుజువు చూపాల్సింది యజమానే. కాబట్టి స్లిప్పు, రిజిస్టర్ మీకే రక్షణ.

కూలి బ్యాంకులో వేయండి, కానీ ఒకటి గమనించండి. కటింగ్ చేసేవాళ్ల వేళ్లు జీడి రసానికి నల్లబడి, పొర లేచి, గీతలు చెరిగిపోయి ఉంటాయి. బూడిద రాసి కడిగినా పోదు. బ్యాంకు మిత్ర దగ్గర, రేషన్ దగ్గర వేలిముద్ర పడక రెండు మూడుసార్లు తిరిగిన వాళ్లు నాకు తెలుసు. అలా తిరిగిన రోజు కూలి కూడా పోతుంది. వాళ్లకు ఏటీఎం కార్డు ఇప్పించండి, చేతి తొడుగులు, నూనె మీ ఖర్చుతో పెట్టండి.

కొలత తీసేటప్పుడు ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి తీయండి. శ్రావణంలో తొక్క అంటుకుపోతుంది, అదే మనిషి అదే ఎనిమిది గంటల్లో తీసే పప్పు బాగా తగ్గిపోతుంది. ఏప్రిల్‌లో కొలిచిన రేటు ఆగస్టులో ఇస్తే మళ్లీ కనీస వేతనం కిందికి పోయినట్టే. రెండు కొలతల కాగితాలూ తేదీ వేసి, కూర్చున్నవాళ్లతో సంతకాలు పెట్టించి దాచండి. కావాలంటే ఆ కాగితాల్లో అంకెలు ఇక్కడే పెట్టండి, రేటు నేను లెక్క కట్టి చెప్తాను.